పద్నాలుగో పేరా

టకానిని, ఆక్లండ్,
2025 మే 11, ఆదివారం.

నాకు అన్నం పెట్టిన భాగ్యమ్మ ఆంటీకి,

వర్షిణి నమస్కరించి రాస్తున్నది.

మీ ఇంటికీ మా ఫ్లాట్‌కీ మధ్య కారులో పావుగంట దారి. ఇంత దూరానికి ఉత్తరమేమిటి, ఈ పిల్లకేమైనా పిచ్చా అనుకుంటారు మీరు. నోటితో చెబుదామని ఈ ఏడు నెలల్లో ఎన్నిసార్లు మీ పాపటోయిటోయికి వచ్చానో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ మీరు ముందు కంచం పెట్టారు. మీ చేతి అన్నం తిన్నాక ఆ మాట గొంతు దాటి రాలేదు. గిన్నెలు తుడిచి అరలో పెట్టి, "వెళ్ళొస్తా ఆంటీ" అని వచ్చేశాను. మోటర్‌వే ఎక్కేదాకా నన్ను నేను తిట్టుకోవడం, ఎక్కాక రేడియో పెట్టుకోవడం. ఇదీ నా బతుకు. ఇవాళ ఇక్కడ మదర్స్ డే. పూలు పట్టుకుని మీ దగ్గరికి రావలసిన రోజున తలుపు వేసుకుని ఇది రాస్తున్నాను.

అసలు మాట ముందే రాసేస్తాను. చివర్లో రాద్దామనుకుంటే అక్కడిదాకా రాను, నా సంగతి నాకు తెలుసు. అంకుల్ ప్రాణం పోయింది మీ వల్ల కాదు ఆంటీ. నేను తెలుగులో రాసి ఇచ్చిన దారి కాగితాల వల్ల. వాటిలో పద్నాలుగో పేరాలో నేనొక మాట మార్చాను. తెలిసే మార్చాను.

ఇక మొదటి నుంచి రాస్తాను. మీకు తెలిసినవి కూడా రాస్తాను. వరస వదిలితే సందు దొరుకుతుంది, సందు దొరికితే నేను జారుకుంటాను.

నా ఉద్యోగం ఏమిటో మీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. "టూర్ల ఆఫీసు" అనేవారు మీరు. మా టూర్లలో గైడు ఉండడు. ఎవరి నడక వాళ్ళదే. స్పెయిన్, ఇటలీ, గ్రీసు కొండల్లో ఊరి నుంచి ఊరికి నడుస్తారు. పొద్దున సూట్‌కేసు గుమ్మం దగ్గర వదిలేస్తే టాక్సీ అతను తర్వాతి ఊళ్ళో బసకు చేరుస్తాడు. నడిచేవాళ్ళ చేతిలో మేమిచ్చే కాగితాలు మాత్రం ఉంటాయి. చర్చి ముందున్న కుళాయిని ఎడమచేతి వైపు ఉంచుకుని మూడు వందల మీటర్లు నడవండి, ఇనప తీగల గేటు తీసి మేకలు బయటికి రాకుండా మళ్ళీ వేయండి, రాయి మీద ఎర్ర చుక్క కనిపిస్తే కుడికి తిరగండి. ఇలా, పేరాకో నంబరు వేసి ఉంటుంది. వాటిని దిద్దేది నేను. ఆక్లండ్‌లో హీటర్ పక్కన కూర్చుని, నేనెన్నడూ చూడని కొండల్లో జనాన్ని కుడికీ ఎడమకీ తిప్పేదాన్ని. నడిచి వచ్చినవాళ్ళెవరైనా ఆ గేటు ఇప్పుడు లేదని మెయిల్ చేస్తే నేనూ గేటు తీసేసేదాన్ని. అంత తేలిక.

అంకుల్‌కు షుగర్ వచ్చి డాక్టర్ నడవమన్నాక మీరిద్దరూ పొద్దున్నే పుహినుయి పార్కు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆదివారాలు మాంగెరే గుట్ట ఎక్కేవారు. నేను మీ గరాజ్ గదిలో అద్దెకున్న రోజుల్లో కిటికీలోంచి చూసేదాన్ని. అంకుల్ ముందు, మీరు నాలుగడుగులు వెనక. కారు సీట్ల కవర్ల షాపు అమ్మేశాక ఆయనకు ఏమీ తోచక నడక ఇంకా పెరిగింది. పోయిన ఏడాది జూన్‌లో అనుకుంటాను, భోజనాలయ్యాక నా లాప్‌టాప్‌లో గ్రీసులోని క్రీట్ దీవి ఫొటోలు చూశారు. "గీ గుట్టలు మా దిక్కు గుట్టల లెక్కనే ఉన్నయి గద పిల్లా. రాళ్ళు, మేకలు, ముండ్లు. సముద్రమొక్కటే ఎక్స్‌ట్రా" అన్నారు. అప్పుడు మీరు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తోంది.

"ముప్పై రెండేండ్ల సంది ఈయన ఎన్కనే నడుస్తున్న. ఒక్కపారి నేను ముందు నడవాలె. తొవ్వ నేను చెప్పాలె, ఈయన ఇనాలె."

అంకుల్ పగలబడి నవ్వారు. "సరే తీ. పోతే గాడికే పోదాం. వారం దినాలు నువ్వే డ్రైవర్‌వు. నేను నోరు తెరిస్తే అడుగు."

"నాకు ఇంగిలీషు రాదు గద, గా కాగితాలెట్ల చదువుత?" అన్నారు మీరు. "నేను తెలుగులో రాసిస్తాను ఆంటీ" అన్నాను నేను. ఎవరూ అడగలేదు నన్ను. నేనే అన్నాను.

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. రైల్లో రాశాను, భోజనం టైములో రాశాను. మొత్తం నలభై ఒక్క పేరాలు. నా బతుకులో అంత ఇష్టంగా చేసిన పని ఇంకొకటి లేదు. మా గుడివాడ తెలుగు మీకు వెక్కిరింతగా ఉంటుందని, "దారి" అని రాసినచోటల్లా కొట్టేసి "తొవ్వ" అని రాశాను. పెద్దక్షరాలతో చేత్తోనే రాశాను, ప్రింట్ అయితే ఆఫీసు కాగితంలా ఉంటుందని. నాలుగు మూలలా పసుపు రాశాను. ఆ కాగితాలను మీరు దేవుడి ముందు పెట్టి గానీ పెట్టెలో సర్దరని నాకు తెలుసు.

పద్నాలుగో పేరా నాలుగో రోజు నడకది. ఇంగ్లీషులో నల్లటి దళసరి అక్షరాలతో ఉంటుంది. దాని సారాంశం ఇది: ముందురోజు పై కొండల్లో వాన పడి ఉంటే, మీ తల మీద ఆకాశం ఎంత నీలంగా ఉన్నా సరే, ఈ వాగు లోయలోకి దిగకండి. నీరు క్షణాల్లో వస్తుంది. ఇక్కడ మనుషులు చనిపోయారు. ఆ రోజు నడక మానేసి సామాన్ల టాక్సీలోనే తర్వాతి ఊరికి వెళ్ళండి.

మొదట ఉన్నది ఉన్నట్టే రాశాను ఆంటీ. ఒట్టు. రాసి, పైకి చదువుకున్నాను. పసుపు రాసిన కాగితం మీద చావు మాట కనబడింది. బయల్దేరేవాళ్ళను "ఎక్కడికి" అని కూడా అడగని ఇంట్లో పెరిగాను నేను. "వెళ్తున్నా" అంటే మా అమ్మ నోరు మూసి "వెళ్ళొస్తా అను" అనేది. పెళ్ళయి ముప్పై రెండేళ్ళకు మొదటిసారి ఇద్దరే బయల్దేరుతున్న దంపతుల చేతికి "ఇక్కడ మనుషులు చనిపోయారు" అని రాసి ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ కాగితం చింపేశాను. కొత్తది తీసుకుని ఇలా రాశాను: "వాన పడి ఉంటే వాగులో నీళ్ళుంటాయి. నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్ళండి." వెళ్ళకండి అనే మాటే పోయాక టాక్సీ మాట ఎందుకని అదీ తీసేశాను. ఇంగ్లీషు కాగితాలు ఎలాగూ అంకుల్ జేబులో ఉంటాయి కదా అనుకున్నాను. నోటితో చెబుదాంలే అని కూడా అనుకున్నాను. ఎయిర్‌పోర్టులో మీరు కొత్త బూట్లు వేసుకుని సిగ్గుపడుతుంటే ఫొటోలు తీస్తూ మరిచిపోయాను.

ఆ తర్వాత జరిగింది మీకు నేను చెప్పేదేముంది! అక్టోబరు పదిహేడున మా ఆఫీసుకే ఫోను వచ్చింది. వాగు పొంగింది, మగమనిషి కొట్టుకుపోయాడు, ఆడమనిషి మణికట్టు విరిగి బండరాయి మీద దొరికింది అన్నారు. పేర్లు చెప్పకముందే నాకు తెలిసిపోయింది. మర్నాడు మా మేనేజర్ ఆ నడక తాలూకు ఫైలు తయారు చేయమన్నాడు, కంపెనీ తప్పేమైనా ఉందేమో చూసుకోవాలని. తయారు చేసింది ఎవరనుకున్నారు? నేనే. ఇంగ్లీషు పద్నాలుగో పేరాను పసుపు రంగు పెన్నుతో గీసి మరీ పెట్టాను. హెచ్చరిక స్పష్టంగానే ఉంది, కంపెనీ తప్పు లేదు అని తేలింది. "నీకు కావలసినవాళ్ళట కదా" అని మేనేజర్ నాకు మూడు రోజులు సెలవిచ్చాడు.

ఆ ఇంగ్లీషు కాగితమే, కొడుకు కాబట్టి, ఆఫీసువాళ్ళు బంటికి కూడా పంపారు. అది చదివే బంటి పదకొండో రోజున అందరి ముందూ మిమ్మల్ని ఆ మాటలన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను, అక్కడికి వినిపించింది. "ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది మమ్మీ. డాడీ చదివి ఉంటే వెళ్ళేవాడు కాదు. నువ్వే ముందు నడుస్తానన్నావంట కదా. చదవడం రాని మనిషి ముందు నడవడమేంటి?" మీరు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నా దగ్గర తెలుగు కాగితం ఉంది, అందులో ఇలా రాసి ఉంది అని కూడా అనలేదు. అప్పుడు నాకు అర్థమైంది, కాగితం మీద మీకు అనుమానం రాలేదని. వర్షిణి సరిగానే రాసింది, నాకే చదవడం చాతకాలేదు అని మీరు నమ్ముతున్నారని. అందుకు నేను ఊపిరి పీల్చుకున్నాను ఆంటీ. ఈ ఉత్తరంలో ఇంతకంటే సిగ్గుమాలిన వాక్యం లేదు, కానీ నిజం.

పోయిన ఆదివారం దాకా అలాగే బతికేసేదాన్నేమో. ఆ రోజు మీ ఇంట్లో నేను చపాతీ పిండి కలుపుతున్నాను. బంటి, మీ కోడలు శ్రీజ వచ్చారు. మీ మనవరాలు సిరిని ఇకనుంచి బడికి మీతో పంపబోమని, బడికి ముందూ తర్వాతా పిల్లల్ని చూసుకునే చోట వేశామని శ్రీజ నెమ్మదిగా చెప్పింది. మీరు "ఎందుకమ్మా, నాలుగు ఇండ్లే గద, నేను చెయ్యి వట్టుకొని తోల్కపోత" అన్నారు. బంటి తల ఎత్తకుండా, "వద్దు మమ్మీ. నీ వెనక పంపించాలంటే నాకు భయం" అన్నాడు. ఆరేళ్ళ పిల్ల మీ కొంగు పట్టుకునే ఉంది అప్పుడు. మీరు పొయ్యి వైపు తిరిగి, ఆరిపోయి ఉన్న పొయ్యి మీద పెనం సర్దారు. ఆ వీపు చూశాక నాకు రాత్రిళ్ళూ పగళ్ళూ ఒకటే అయిపోయాయి.

అందుకే చెబుతున్నాను. వచ్చే నెల మాసికానికి బంటి వస్తాడు కదా, ఆ రోజు అందరి ముందూ నిలబడి ఇదంతా చెబుతాను. ఆఫీసులో కూడా చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ. మీకు ముందుగా తెలియాలని ఈ ఉత్తరం.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. తిట్టండి, కొట్టండి, బంటి చేత తిట్టించండి. ఇంటికి మాత్రం రానివ్వండి. పదకొండేళ్ళ కిందట రెండు సూట్‌కేసులతో దిగినదాన్ని, ఈ దేశంలో మీ ఇల్లు తప్ప నాకు ఇంకో గడప లేదు.

మీ
వర్షిణి


పాపటోయిటోయి,
22-5-2025, గురువారం.

చిరంజీవి వర్షిణమ్మకు,

భాగ్యమ్మ దీవించి రాసేది. నీ ఉత్తరం పోయిన వారం బుధవారం అందింది. నేను ఉత్తరం రాసి ముప్పై ఏళ్ళు దాటింది. నీలాగ రాయడం నాకు రాదు. ఏడో తరగతి దాకే చదివాను. తప్పులుంటే సర్దుకుని చదువు.

నువ్వు రాసింది నాకు కొత్త సంగతి కాదు. ఫిబ్రవరి నుంచి నాకు తెలుసు.

బంటి నన్ను చదువు రాని మనిషి అన్నాడు కదా. దినాలయ్యాక నవంబరులో నేను లైబ్రరీకి పోయాను. అక్కడ మంగళవారం మంగళవారం పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతారు. చెప్పేది లక్ష్మీబాయి అని ఫీజీ ఆమె, నా కంటే పెద్దది. హిందీలో మాట్లాడుతుంది కనుక నాకు ఇబ్బంది లేదు. బస్సు బోర్డులు, మందు సీసాల మీద రాతలు చదవడం చెప్పింది. నీకెందుకు ఇంగ్లీషు అని అడిగింది. ఒక కాగితం చదవాలి అని చెప్పాను. ఏ కాగితమో చెప్పలేదు. ఆయన బట్టలతో పాటు ప్లాస్టిక్ కవరులో ఆ ఇంగ్లీషు కాగితాలు కూడా వచ్చాయి. తడిసి ఆరినవి. పద్నాలుగు అని నంబరు చూసి, ఒక్కొక్క మాట విడివిడిగా వేరే కాగితం మీద రాసుకుని, ఏ వారానికి ఆ వారం కొన్ని మాటలు ఆమెను అడిగేదాన్ని. అన్నీ ఒక్కసారి అడిగితే ఆమెకు తెలిసిపోతుందని. ఫిబ్రవరికి మొత్తం చదివాను.

నీ కాగితం, ఆ కాగితం పక్కపక్కన పెట్టి చూశాను. నాకే ఇంకా చదవడం రాలేదేమో అనుకున్నాను మొదట. మళ్ళీ చదివాను. మూడు రోజులు చదివాను. అప్పటికి కూడా నేను నీ తప్పు అనుకోలేదు, నా చదువు తప్పు అనుకున్నాను. తర్వాత తెలిసింది.

ఆ రోజు పొద్దున ఏం జరిగిందో నేను ఎవ్వరికీ చెప్పలేదు. నీకు చెబుతాను. నువ్వు తెలుసుకోవాలి.

ముందురోజు సాయంత్రం కొండ మీద ఉరుములు వినబడ్డాయి. మేమున్న ఊళ్ళో చుక్క పడలేదు. పొద్దున ఎండ బాగా వచ్చింది. మేము దిగిన ఇల్లు నడిపే ముసలామె మాకు రొట్టె, తేనె పెట్టింది. నేను నీ కాగితం పట్టుకుని బయల్దేరుతుంటే నా చెయ్యి పట్టుకుంది. కొండ వైపు చూపించి ఏదో అన్నది. వద్దు వద్దు అన్నట్టు చెయ్యి ఊపింది. మాకు భాష తెలియదు. ఇంకొక్కరోజు ఉండమంటుందేమో, మంచిది పాపం, అని ఆయన నవ్వాడు. కానీ ఆమె చెయ్యి విడవలేదు. అప్పుడు ఆయనకు కూడా కొంచెం అనుమానం వచ్చింది.

"నీ కాగితంల ఏమున్నది?" అని అడిగాడు.

నేను చదివాను. వాన పడితే నీళ్ళుంటాయి, నెమ్మదిగా జాగ్రత్తగా వెళ్ళండి అని ఉంది అన్నాను.

"నా జేబుల ఇంగిలీషుది ఉంది, చూడమంటవా?" అన్నాడు.

నేను వద్దన్నాను. వర్షిణీ, నేనే వద్దన్నాను. "వారం దినాలు నేనే డ్రైవర్ అని ఒప్పుకున్నవ్. అప్పుడే కాగితం తీస్తవా?" అన్నాను. ఆయన జేబు దగ్గర పెట్టిన చెయ్యి తీసేశాడు. "సరే డ్రైవరమ్మా. గా పిల్ల రాసిందంటే సోచాయించే రాసి ఉంటది. నడువు" అన్నాడు. ఆ ముసలామె గుమ్మంలోనే నిలబడి చూస్తా ఉంది. మలుపు తిరిగేదాకా చూసింది.

వాగులో పాదం మునిగేంత నీళ్ళే ఉన్నాయి. నేను ముందు నడుస్తున్నాను. రెండు పక్కలా రాతి గోడలు. గంట సేపు నడిచాం. గాలి వచ్చినట్టు చప్పుడు వచ్చింది. ఆయన నన్ను ఒక బండ మీదికి ఎత్తి తోశాడు. ఆ తోపుకే చెయ్యి విరిగింది. వెనక్కి తిరిగి చూస్తే లేడు. అరుపు కూడా లేదు. మట్టి నీళ్ళు, చెట్ల కొమ్మలు, ఒక చచ్చిన మేక పోయాయి. సాయంత్రం దాకా ఆ బండ మీద కూర్చున్నాను. కాగితం నా చేతిలోనే ఉంది.

కాబట్టి తప్పు నీ ఒక్కదానిదే కాదు. నువ్వు మార్చావు, నేను జేబులో కాగితం తీయనియ్యలేదు. బంటి అన్న మాటలో సగం నిజం ఉంది, అందుకే నేను నోరు తెరవలేదు. నువ్వనుకున్నట్టు కాగితం మీద నాకు అనుమానం రాకపోవడం ఒక్కటే కారణం కాదు. నా వంతు నేను మోస్తున్నాను అనుకున్నాను. నీ వంతు నువ్వు వచ్చి తీసుకుంటావని చూశాను.

ఫిబ్రవరి నుంచి చూశాను. మార్చిలో ఫిజియోథెరపీకి నాలుగుసార్లు నువ్వే డ్రైవ్ చేసి తీసుకుపోయావు. కారులో మనమిద్దరమే. ఇవాళ చెబుతుంది అనుకునేదాన్ని. నువ్వు ట్రాఫిక్ గురించి మాట్లాడావు. ఉగాదికి మాకు పండుగ లేదు, అయినా వచ్చావు. చెప్పలేదు. పోయిన నెల మా దొడ్లో రాలిన ఫీజోవా పళ్ళు ఏరుకుని సంచి నింపుకున్నావు, వంగి ఏరుతుంటే నీ వీపు నిమిరాను. గుర్తుందా? అడుగుదామనే నిమిరాను. నేను అడిగితే నువ్వు చెప్పినట్టు కాదు కదా అని ఊరుకున్నాను.

పసుపు రాసిన కాగితం మీద చావు మాట రాయలేకపోయాను అన్నావు. ఆ మాట నేను నమ్ముతాను. నేనైనా రాసేదాన్ని కాదేమో. మా అత్తగారైతే అసలే రాయనిచ్చేది కాదు. ఆ తప్పు మీద నాకు కోపం లేదు తల్లీ. ఆయనకూ ఉండదు.

కానీ నీ ఉత్తరంలో ఒక అబద్ధం ఉంది. పదకొండో రోజున వంటింట్లో ఉన్నానని, మాటలు అక్కడికి వినిపించాయని రాశావు. నువ్వు వంటింట్లో లేవు. నా ఎదుట ఉన్నావు. వరసలో కూర్చున్నవాళ్ళకు పప్పు వడ్డిస్తున్నావు. బంటి ఆ మాట అన్నప్పుడు నీ చేతిలో గరిటె ఆగింది. నువ్వు నా మొహం చూశావు. నేను నీ మొహం చూశాను. తర్వాత గరిటె మళ్ళీ కదిలింది, పక్కాయన విస్తట్లో పప్పు పోశావు. ఇంత నిజం రాసినదానివి ఆ ఒక్కటి ఎందుకు దాచావో నాకు తెలియదు. నీకైనా తెలుసో లేదో.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు బంటిని పిలిపించాను. ఉత్తరం చేతికిచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మమ్మీ, ఇది తెలుగులో ఉంది" అన్నాడు.

"ఔ. తెలుగుల్నే ఉంది. నీకు చదువుడు రాదు గద. కూసో, నేను చదువుత" అన్నాను.

కూర్చున్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒక్క అక్షరం వదలలేదు, వాడిని గురించి నువ్వు రాసినవి కూడా. సారాంశం అంటే ఏంటి, గడప అంటే ఏంటి అని మధ్యలో అడిగాడు. చెప్పాను. పద్నాలుగో పేరా దగ్గర మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. తర్వాత నేను కూడా నా వంతు చెప్పాను, జేబులో కాగితం సంగతి. దాచితే నేనూ నీలాగే అవుతాను. వాడు దొడ్లోకి పోయి ఫెన్సు పట్టుకుని నిలబడ్డాడు. వచ్చి కింద కూర్చుని నా పాదాల మీద తల పెట్టి ఏడ్చాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా వాడు ఏడవలేదు. "ఎందుకు చెప్పలేదు మమ్మీ?" అని అడిగాడు. "నువ్వెప్పుడు అడిగినవ్ బిడ్డా?" అన్నాను.

మీ ఆఫీసుకు రాస్తానని లేచాడు. నేను వద్దన్నాను. ఆఫీసు కాగితంలో రాత సరిగానే ఉంది, ఇది మన ఇంట్లో పంచాయితీ అని చెప్పాను. నువ్వు కూడా ఆఫీసులో చెప్పి ఉద్యోగం పోగొట్టుకోకు. నీ ఉద్యోగం పోతే ఆయన రాడు. ఆ కొండల్లో నడిచేవాళ్ళ కాగితాలు నువ్వే దిద్దాలి, ఇంకా జాగ్రత్తగా దిద్దుతావు.

సోమవారం నుంచి సిరిని బడికి నేనే నడిపిస్తున్నాను. శ్రీజ పొద్దున తెచ్చి వదిలిపోతుంది. ఆ పిల్ల ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, నాకు ఇప్పుడు కొంచెం కొంచెం తెలుస్తోంది.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. మాసికానికి వస్తానని, అందరి ముందూ చెబుతానని రాశావు. అవసరం లేదు. వినవలసినవాడు విన్నాడు. ఇంటికి మాత్రం రానివ్వండి అని అడిగావు. వారం రోజులుగా ఈ ఒక్క మాట గురించే ఆలోచించాను. నీ మీద పగ లేదు. నువ్వు బాగుండాలి, మంచి సంబంధం కుదిరి పెళ్ళి చేసుకోవాలి. అన్నీ కోరుకుంటున్నాను. కానీ నువ్వు వస్తే నేను నీకు అన్నం వడ్డించాలి. నా చేతిలో గరిటె పట్టుకుని నీ మొహం చూడాలి. అది నావల్ల కాదు. ఇంటికి వచ్చిన పిల్లకు అన్నం పెట్టకుండా పంపడం కూడా నావల్ల కాదు.

ఈ మాట మెత్తగా రాద్దామని రెండు కాగితాలు ఖరాబు చేశాను. కొన్నాళ్ళు ఆగి రా అని ఒకదాంట్లో రాశాను. తీరిక చూసుకుని రా అని ఒకదాంట్లో రాశాను. రెండూ చింపేశాను.

మా ఇంటికి రావద్దు.

భాగ్యమ్మ